పక్క ఊరి లైబ్రేరియన్

కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారికి సందేహం వస్తే స్టాఫ్‌రూములో పక్క కుర్చీలోని వారిని అడుగుతారు. ఆఫీసులో గుమాస్తాకి బిల్లు దగ్గర చిక్కొస్తే సూపరింటెండెంట్ ఉన్నారు. లైబ్రేరియన్ ఎవరిని అడగాలి? చాలా చోట్ల ఆ చదువు చదివిన మనిషి మొత్తం ఆవరణలో ఒక్కరే. తోడుగా ఒక అటెండర్ ఉంటే అదృష్టం. ఇష్యూ కౌంటర్ మీరే, యాక్సెషన్ రిజిస్టర్ మీరే, బైండింగ్ బిల్లులు మీరే, స్టాక్ వెరిఫికేషన్ మీరే, పరీక్షలైన మర్నాడు నో డ్యూస్ సంతకం కోసం క్యూ కట్టే పిల్లలకి సమాధానం చెప్పాల్సిందీ మీరే. మీ పని బాగుందో లేదో చెప్పగలిగినవాళ్లు మాత్రం చుట్టుపక్కల ఉండరు. క్లాస్ నంబరు తప్పు వేసినా అడిగేవారు లేరు, ఎంతో ఆలోచించి సరైనది వేసినా గుర్తించేవారు లేరు.

ఈ వృత్తిలో మన ఎదుగుదలకి అడ్డుపడేది ముందుగా ఈ ఒంటరితనమేనని నా నమ్మకం. జీతాలు తక్కువ, పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. అవీ నిజమే. కానీ వాటి గురించి గట్టిగా అడగాలన్నా ముందు నలుగురం ఒకచోట చేరాలి కదా.

నేను మొదట చేరింది ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. చేరిన మూడో నెలలో న్యాక్ బృందం వస్తోందన్నారు. పుస్తకాలన్నీ కంప్యూటర్లో ఉండాలి. ఉన్నాయి కూడా, కానీ ఎవరో అమ్మిన పాత సాఫ్ట్‌వేర్‌లో. అది అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. కొత్తగా కోహా సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే పాత వివరాలు అందులోకి ఎలా తేవాలో నాకు తెలియలేదు. రెండు నెలలు రాత్రి ఎనిమిది దాకా కూర్చుని ఒక్కో పుస్తకం వివరం మళ్లీ టైపు చేశాను. మూడు వేలు దాటేసరికి వేళ్లు నొప్పులు, కళ్లు మంటలు. అప్పుడు బస్సులో గంట దూరంలోని ఇంకో కాలేజీ లైబ్రేరియన్ మేడమ్ ఏదో పుస్తకం కోసం ఫోన్ చేశారు. మాటల్లో నా అవస్థ చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అయ్యో, ఎక్సెల్‌లోకి తీసుకుని మార్క్ఎడిట్‌లో వేస్తే మార్క్ ఫైలు వచ్చేస్తుందండీ, దాన్ని కోహాలో ఇంపోర్ట్ చేసుకోవచ్చు. మేము నిరుడు అలాగే చేశాం" అన్నారు. మార్క్ఎడిట్ ఉచితం. ఆ శనివారం ఆవిడే వచ్చి, ఏ కాలమ్ ఏ ట్యాగ్‌కి వెళ్లాలో పక్కన కూర్చుని చూపించారు. శీర్షిక 245లోకి, రచయిత 100లోకి, డ్యూయీ నంబరు 082లోకి. మధ్యాహ్నం భోజనం వేళకి మిగతా పుస్తకాలన్నీ లోపలికి వచ్చేశాయి.

రెండు నెలల చాకిరీ ఒక పూటలో తేలిపోయినందుకు నాకు సంతోషం వేయలేదు, దుఃఖం వచ్చింది. ఆవిడ అంతకాలమూ గంట దూరంలోనే ఉన్నారు. నేను అడగలేదు, అంతే.

ఆ రోజునుంచి నేర్చుకున్నదే ఈ అధ్యాయంలో రాస్తున్నాను.

రంగనాథన్ గారికీ తప్పలేదు

మన వృత్తికి పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్ గారిని పరీక్షల కోసం చదువుతాం. అయిదు సూత్రాలు, కోలన్ వర్గీకరణ, ఆగస్టు 12న జయంతి. ఆయన మొదటి రోజుల సంగతి మాత్రం పెద్దగా చెప్పుకోం. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా చేరేముందు ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నిండు క్లాసులో పాఠం చెప్పడం అలవాటైన మనిషికి పెద్దగా పాఠకులు లేని ఆ హాలులో కూర్చోవడం నరకమైంది. కొద్ది రోజులకే పాత కాలేజీకి పోయి, నన్ను వెనక్కి తీసుకోండని ప్రిన్సిపాల్‌ని అడిగారు. లండన్‌లో శిక్షణకి ఎలాగూ పంపుతున్నారు, వెళ్లిరండి, వచ్చాక కూడా మీ మనసు ఇలాగే ఉంటే అప్పుడు చూద్దాం అన్నది ఆయనకి దొరికిన జవాబు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయనకి బెర్విక్ సేయర్స్ అనే గురువు దొరికారు. సేయర్స్ పాఠాలు చెప్పడమే కాదు, క్రాయిడన్ గ్రంథాలయానికి ప్రధాన లైబ్రేరియన్ కూడా. లెక్కల మనిషికి వర్గీకరణ సరిపోతుందని ఆయనే కనిపెట్టి అటు నడిపించారు. రంగనాథన్ గారు క్లాసు గదికే అంటిపెట్టుకోకుండా ఇంగ్లండులో ఎన్నో గ్రంథాలయాలు తిరిగారు. కౌంటర్ వెనక్కి వెళ్లి, ఎవరు ఎలా సర్దుతున్నారో, పాఠకుడితో ఎలా మాట్లాడుతున్నారో చూశారు. ఒక్కో లైబ్రరీది ఒక్కో పద్ధతి. వీటన్నిటి వెనక ఉండాల్సిన సూత్రం ఏదీ అన్న ప్రశ్న ఆ తిరుగుడులోనే పుట్టింది. తిరిగొచ్చాక మళ్లీ లెక్కల మాస్టారు కాలేదు.

ఇక్కడ తేదీలు గమనించండి. మద్రాసు గ్రంథాలయ సంఘం 1928లో మొదలైంది. అయిదు సూత్రాల పుస్తకం 1931లో, కోలన్ వర్గీకరణ 1933లో వచ్చాయి. మనుషులని కూడగట్టిన తర్వాతే ఆయన పుస్తకాలు లోకం ముందుకొచ్చాయి. మనం పుస్తకాలని గుర్తుపెట్టుకుని ఆ కూడగట్టిన పనిని మరిచిపోయాం.

మన గడ్డ మీద ఆ పని ఇంకా ముందే జరిగింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. ఆ సభకి ఊరూరి మనుషులు కదిలేలా చేసిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. అక్కడికి వచ్చినవాళ్లలో లైబ్రరీ సైన్సు చదివినవాళ్లు లేరు, అప్పటికి ఆ చదువే ఇక్కడ లేదు. ఊళ్లో నాలుగు బీరువాలతో పఠన మందిరం నడుపుతున్న మనుషులు, తమలాంటి వాళ్లు ఇంకెక్కడో ఉన్నారని తెలిసి వచ్చారు. సంఘం పుట్టింది, గ్రంథాలయ సర్వస్వం పత్రిక పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరికీ తిప్పారంటే, ఆ ధైర్యం వెనక ఇరవై ఏళ్ల సాంగత్యం ఉంది. చేతిలో ఫోను ఉన్న మనం ఒకరినొకరు ఎరగకుండా ఉండడానికి సాకు లేదు.

మొదట పది పేర్లు

పెద్ద సంఘాల్లో సభ్యత్వం తర్వాత చూద్దాం. ముందు మీ చుట్టూ యాభై కిలోమీటర్లలో ఉన్న లైబ్రరీలు పది రాసుకోండి. డిగ్రీ కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ, ఫార్మసీ కాలేజీ, జిల్లా గ్రంథాలయ సంస్థ కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయం, దగ్గర్లో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంటే అది, బార్ అసోసియేషన్ లైబ్రరీ కూడా. మనవాళ్లు ఒక తప్పు చేస్తారు. కాలేజీ లైబ్రేరియన్ కాలేజీ వాళ్లతోనే, సంస్థ వాళ్లు సంస్థ వాళ్లతోనే మాట్లాడతారు. పోటీ పరీక్షలకి చదివే పిల్లల్ని రోజూ చూసే శాఖా గ్రంథాలయం ఆయనకి ఏ పుస్తకం ఎన్ని కాపీలు నలుగుతాయో మీకన్నా బాగా తెలుసు. జర్నల్స్ ఎలా వెతకాలో మీకు ఆయనకన్నా బాగా తెలుసు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి జోడీ దొరకదు.

పరిచయానికని ఉత్త చేతులతో ఫోన్ చేస్తే మాట సాగదు. ఒక పని పట్టుకుని వెళ్లండి, ఒక పని చేసిపెట్టడానికి వెళ్లండి. మీకు రాయడం మొహమాటమైతే ఇలా మొదలుపెట్టవచ్చు: "నమస్కారమండీ. నేను ఫలానా కాలేజీ లైబ్రేరియన్‌ని. మా దగ్గర తెలుగు నవలలన్నీ ఒకే నంబరు కింద కుప్పపడి, వెతకడం కష్టమవుతోంది. మీరు ఎలా విడదీశారో చూడాలని ఉంది. వచ్చే శనివారం ఒక అరగంట రావచ్చా? మా దగ్గర పాత పత్రికల సంపుటాల జాబితా తయారుగా ఉంది, మీకు పనికొస్తుందేమో తెస్తున్నాను." ఇందులో పొగడ్త లేదు, బయోడేటా లేదు. ఇలాంటి ఉత్తరానికి నాకు వద్దన్న జవాబు చాలా అరుదుగా వచ్చింది.

పైన రాసిన సమస్య ఉత్తరం కోసం కల్పించింది కాదు. డ్యూయీలో తెలుగు సాహిత్యానికి 894.827. దానికి కల్పనా సాహిత్యం అంకె కలిపితే 894.8273. తెలుగు పుస్తకాలు ఎక్కువ ఉన్న లైబ్రరీలో సగం ర్యాకులు ఈ ఒక్క నంబరు కిందే ఉంటాయి. కొందరు రచయిత ఇంటిపేరులో మొదటి మూడక్షరాలు కింద వేస్తారు, కొందరు కలం పేరు తీసుకుంటారు, కొందరు కథలకీ నవలలకీ స్పైన్ లేబుల్ రంగు మారుస్తారు. ఏది నయమో పుస్తకంలో దొరకదు, నాలుగు లైబ్రరీల ర్యాకుల మధ్య నడిస్తేనే తెలుస్తుంది.

కలం పేరు అన్నాను కాబట్టి, కలిసి చేయదగిన పని ఒకటి చెబుతాను. ఇది నా మనసుకి చాలా దగ్గరైనది. శ్రీశ్రీ పుస్తకాలు ఒక కేటలాగులో శ్రీశ్రీ పేరుతో, ఇంకో దాంట్లో శ్రీరంగం శ్రీనివాసరావు పేరుతో, మూడో దాంట్లో ఎస్. శ్రీనివాసరావు పేరుతో ఉంటాయి. ఆరుద్ర భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని తెలియక ఇద్దరు మనుషులుగా ఎక్కించినవాళ్లు ఉన్నారు. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి సంగతీ అంతే. పేరు చివర భాగమే ఇంటిపేరనుకునే సాఫ్ట్‌వేరు, ఇంటిపేరు ముందుండే మన పేర్లని తలకిందులు చేస్తుంది. నలుగురు లైబ్రేరియన్లు కలిసి ఒక ఎక్సెల్ షీటులో అసలు పేరు, కలం పేరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం, వాడాల్సిన రూపం అని అయిదు కాలమ్‌లు పెట్టుకుని, వారానికి పదేసి పేర్లు నింపుకుంటూ పోతే ఏడాదిలో జిల్లాకంతటికీ పనికొచ్చే పట్టిక తయారవుతుంది. ప్రతి లైబ్రరీ కోహాలోనూ దాన్ని అథారిటీ ఫైలుగా ఎక్కించుకోవచ్చు. ఏ కోర్సూ నేర్పనంత కేటలాగింగ్ ఆ పేర్ల దగ్గర జరిగే వాదనలో మీకు వస్తుంది. ఆ వాదించినవాళ్లే రేపు ఉద్యోగం ఖాళీ ఉందని మీకు ముందుగా చెప్పేవాళ్లు.

ఈ పనిలో మీకు కనపడని సహోద్యోగులు కూడా ఉన్నారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన ఢిల్లీ కార్యాలయం ద్వారా దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు సేకరిస్తోంది. కోహాలో జడ్39.50 ద్వారా ఆ కేటలాగుని వెతికితే మీ చేతిలో ఉన్న తెలుగు పుస్తకానికే ఎవరో చేసిన రికార్డు దొరకవచ్చు. పేరు రోమన్ లిపిలో ఉంటుంది, మిగతా శ్రమంతా అయిపోయి ఉంటుంది. మీరు దాన్ని దించుకుని తెలుగు లిపి చేర్చుకోవచ్చు. మనం అసలెప్పుడూ కలవని మనిషి అదే పుస్తకాన్ని ముందేసుకుని, అదే ఇంటిపేరు దగ్గర ఆగి ఆలోచించి ఉంటారు. ఆ రికార్డు చూసినప్పుడల్లా నాకు చుట్టం కనిపించినట్టు ఉంటుంది.

సభలకి వెళ్లేటప్పుడు

పది మందితో పరిచయం కుదిరాక పెద్ద సభలకి వెళితే ఫలితం ఉంటుంది. భారతీయ గ్రంథాలయ సంఘం 1933 నుంచీ ఉంది. ప్రత్యేక గ్రంథాలయాల, సమాచార కేంద్రాల సంఘం ఇయాస్లిక్ 1955లో కలకత్తాలో పుట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కాలిబర్ అనే సదస్సు జరుపుతుంది, తన సోల్ సాఫ్ట్‌వేర్ మీద శిక్షణా ఇస్తుంది. డెల్‌నెట్ వాళ్లది నాక్లిన్. మన రాష్ట్ర సంఘాలు, విశ్వవిద్యాలయాల లైబ్రరీ సైన్సు శాఖలు జరిపే సెమినార్లు దగ్గర్లోనే ఉంటాయి. మొదటిసారి వెళ్లేవారికి ఈ దగ్గరివే మేలు. ఖర్చు తక్కువ, కలిసినవాళ్లని మళ్లీ కలిసే వీలెక్కువ.

సభకి వెళ్లి బ్యాగు, సర్టిఫికెట్ తీసుకుని రాత్రి బస్సెక్కేవాళ్లని చాలామందిని చూశాను. మొదటి రెండుసార్లు నేనూ అదే చేశాను. తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. బయలుదేరే ముందు ఒకే ఒక ప్రశ్న జేబు పుస్తకంలో రాసుకునేదాన్ని. "రిమోట్ లాగిన్ ఇచ్చాక పిల్లలు ఈ-పుస్తకాలు నిజంగా తెరుస్తున్నారా, ఎలా లెక్క చూస్తున్నారు?" లాంటిది. ఆ ప్రశ్ననే టిఫిన్ దగ్గర, భోజనాల వరసలో, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర అడిగేదాన్ని. సాయంత్రానికి ఆరేడు జవాబులు, వాటితో పాటు ఆరేడు పేర్లు వచ్చేవి. వేదిక మీది ప్రసంగాల్లో దొరకని సంగతులవి. ఏది పని చేయలేదో జనం భోజనం దగ్గరే చెబుతారు. ఇంకొకటి, సభ జరిగే సంస్థ లైబ్రరీని తప్పకుండా లోపలికి వెళ్లి చూడండి. చదివే హాలు కన్నా కొత్త పుస్తకాలు విప్పే గది చూడండి. తిరిగొచ్చిన మూడు రోజుల్లోపల, కలిసినవాళ్లలో ముగ్గురికి మెసేజ్ పెట్టండి. వారం దాటితే వాళ్లకి మీ ముఖం గుర్తుండదు.

పత్రం చదవాలంటే భయపడకండి. మీ లైబ్రరీలో ఏడాదిపాటు జరిగిన ఒక మార్పు చాలు. అప్పు పుస్తకాల గడువు పెంచితే ఏమైంది, హాస్టలు పిల్లల కోసం రాత్రి వేళలు పెడితే ఎవరొచ్చారు. అంకెలు మీ రిజిస్టర్లోనే ఉన్నాయి. రాసేముందు శోధ్‌గంగలో అదే విషయం మీద ఎవరు థీసిస్ చేశారో చూడండి. ఒక హెచ్చరిక మాత్రం: డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికల జోలికి పోకండి. పిల్లలకి నకిలీ పత్రికలు గుర్తుపట్టడం నేర్పాల్సినవాళ్లం మనమే. మన పేరే అక్కడ కనబడితే ఇంక ఎవరికి ఏం చెబుతాం?

కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకి ఓడీ ఇవ్వరు, సెలవు పెడితే జీతం పోతుంది. వాళ్ల పరిస్థితి తెలిసే రాస్తున్నాను. మీరు ప్రయాణాలు పెట్టుకోకండి. స్వయం వేదికలో మన సబ్జెక్టు పాఠాలు ఇంట్లో కూర్చుని వినవచ్చు. ఇగ్నో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో డిగ్రీలు ఇస్తున్నాయి. నెట్ పరీక్షకి చదవాలనుకుంటే ఒక్కరే చదవకండి, ముగ్గురు కలిసి రాత్రి తొమ్మిదికి ఫోన్ కాల్ పెట్టుకోండి. పర్మనెంటు పోస్టులో ఉన్న లైబ్రేరియన్లకి ఒక విన్నపం. మీ లైబ్రరీలో ఒక శనివారం పూట చుట్టుపక్కల కాంట్రాక్టు వాళ్లని పిలవండి. హాలు ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి, టీ ఖర్చు ఎంత? కొత్తగా చేరిన అమ్మాయికి బార్‌కోడ్ ప్రింటర్ సెట్ చేసుకోవడం చూపించడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. తెలియకపోతే ఆ అమ్మాయికి ఇరవై రోజులు పోతాయి.

ఏం నేర్చుకోవాలి అని చాలామంది అడుగుతారు. నా మటుకు నేను కోహా ముందు అంటాను. అది ఒక వృత్తి సమాజం చేతుల్లో పెరిగిన వస్తువు. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయాల కోసం తయారై 2000 సంవత్సరం మొదట్లో వాడుకలోకి వచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. అప్పటినుంచీ దేశదేశాల లైబ్రరీలు దానికి తలో చెయ్యీ వేస్తున్నాయి. 2011లో దాని అంతర్జాతీయ సదస్సు ముంబయి పక్కనే ఠాణేలో జరిగింది. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. తెరమీది మాటలకి తెలుగు పేర్లు పెట్టడం కూడా అందులో ఒక పనే. "హోల్డ్" అన్న మాటకి పాఠకుడికి అర్థమయ్యే తెలుగు ఏది? మీరూ పక్క ఊరి లైబ్రేరియనూ ఒక సాయంత్రం కూర్చుని తేల్చవచ్చు.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన పోటీ, బహుమతులు, ఫొటోలు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఒక పూట పాఠకుల కోసం కాక మనకోసం పెట్టుకోండి. ఇందాకటి పది పేర్లలో ఎంతమంది వస్తే అంతమందిని పిలవండి. ఉపన్యాసాలు వద్దు. ప్రతి ఒక్కరూ తమ లైబ్రరీలో తేలని చిక్కు ఒకటి కాగితం మీద రాసుకుని రావాలి.

నేను మొదటిసారి అలా పిలిచినప్పుడు నలుగురు వచ్చారు. మార్క్ఎడిట్ నేర్పిన మేడమ్ అందరికన్నా ముందు వచ్చారు. ఆవిడ కాగితం మీద రాసుకొచ్చిన చిక్కు, చెదలు పట్టిన పాత తెలుగు వారపత్రికల సంపుటాలు. దానికి మందు చెప్పింది శాఖా గ్రంథాలయం నుంచి వచ్చిన ఆయన. మేమందరం రాసుకున్నాం.